దీపం ఆర్పిన చరణం

ఆ ఏడు మా ఊళ్ళో గడ్డి కోసినవాళ్ళూ ఏడ్చారు, కొయ్యనివాళ్ళూ ఏడ్చారు. జూన్ మొదటి వారంలో పట్టుకున్న వాన ఆగస్టు మరియమ్మ పండుగ దాకా వదల్లేదు. కోసిన గడ్డి మళ్ళలోనే నల్లబడింది. కొయ్యని గడ్డి నేలమీద పడుకుని మళ్ళీ లేవలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఇంటికి వానకంటే నేనే పెద్ద నష్టమని అనుకున్న రోజులు ఆ వేసవిలో చాలా ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే ఎవరికో ఒకరికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

మాది షానన్ నదికి ఆవలి ఒడ్డు, కెర్రీ జిల్లా. పెళ్ళి చేసుకుని వచ్చింది ఈవలి ఒడ్డు, క్లేర్ జిల్లాకి. మధ్యలో ఉన్నవి నీళ్ళే. తెరిపిచ్చిన రోజున మా పుట్టింటి కొండలు అత్తింటి పెరట్లోంచి కనిపించేవి. అయినా దాటడానికి పడవ లేదు, లిమెరిక్ పట్నం చుట్టూ తిరిగి రావాలి. పొద్దున్నే బయల్దేరితే దీపాలవేళకి చేరేవాళ్ళం. ఫుట్‌బాల్ దగ్గర్నుంచి బంగాళదుంపల దాకా క్లేర్‌వాళ్ళకి మేమంటే చిన్నచూపు. మాకు వాళ్ళంటే జాలి. రెండూ ఒకటే.

ఇంట్లో ముగ్గురమే. నా భర్త మాలకీ, మా మామగారు సెనన్ హెహిర్, నేను. అత్తగారు నేను రాకముందే పోయింది. మాలకీ కాన్సర్టీనా వాయించేవాడు. రెండు చేతుల మధ్య ఇమిడే చిన్న తిత్తుల పెట్టె అది. చెమ్మ తగిలితే గొంతు పోతుందని పొయ్యి పక్క గోడలో దానికోసమే ఒక గూడు కట్టి ఉండేది. ఇల్లు చూసిన మొదటి రోజు నాకు బాగా నచ్చింది ఆ గూడే. వాద్యానికి ఇంట్లో అంత వెచ్చటి చోటు ఇచ్చారంటే వీళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారనుకున్నాను.

మామగారు పాడతాడని విన్నానే తప్ప ఆయన పాట నేను వినలేదు. మా పెళ్ళయిన మర్నాడే ఉపవాసాల తపస్సుకాలం వచ్చింది. ఆ నలభై రోజులూ ఎవరూ పాడరు, వాయించరు. అది అయ్యేలోగా ఇంగ్లండులో ఉన్న ఆయన తమ్ముడు పోయాడని తంతి వచ్చింది. దాంతో జూన్ దాకా పాటకి ఆయన నోరు విప్పలేదు. మామూలుగానే మాటలు తక్కువ మనిషి. నన్ను “అమ్మాయ్” అనేవాడు. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక నేను ఏమీ పిలవకుండా గడిపేశాను. ఆయన పొలంలో ఉంటే గట్టుదాకా వెళ్ళి ఎదురుగా నిలబడి, “మీకు టీ పెట్టాను” అని చెప్పి వచ్చేదాన్ని. పేరు పెట్టి కేకేసే ధైర్యం లేక అంత దూరం నడిచేదాన్ని.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను.

ఊళ్ళో గారహీ అనే వాళ్ళింట్లో ముందు కిరాణా కొట్టు, పక్కన బీరు బల్ల, వెనక పెద్ద వంటిల్లు. ఆదివారం చర్చిలో పూజ అయి, భోజనాలు అయ్యాక ఊళ్ళో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఆ వంటింట్లో చేరేవాళ్ళు. జూన్ రెండో ఆదివారం నన్నూ తీసుకెళ్ళారు. జేమ్సీ వాన్ అనే ఆయనది ఫిడేలు, మాలకీది కాన్సర్టీనా. రెండు జోరు నాట్యపు వరసలు వాయించేసరికి గారహీ వాళ్ళ పెంకుల మీద వాన కూడా తాళం వేస్తున్నట్టే ఉంది. తర్వాత పాటలు మొదలయ్యాయి. పాటలకి వాద్యం ఉండదు, ఒంటి గొంతే. పాట అయిపోయాక, తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కు పాడినవాళ్ళది. పిలిస్తే కాదనకూడదు.

కొట్టు నడిపే నోనీ గారహీ పారిపోయిన కోడిపెట్ట గురించి ఒక నవ్వుల పాట పాడింది. పాడి, నా వైపు వేలు చూపించింది.

“హెహిర్ వాళ్ళ కొత్త కోడలు పాడాలి.”

“కెర్రీ వాళ్ళకి గొంతుందో లేదో చూద్దాం,” అన్నాడు జేమ్సీ.

“గొంతు లేకపోతే మిమ్మల్ని ఆటలో ఓడించినప్పుడల్లా అరిచేది ఎవరనుకున్నారు?” అన్నాను.

అందరూ నవ్వారు. మామగారి మీసాల కింద కూడా ఏదో కదిలింది. ఆ నవ్వుకి నాకు కొంచెం కొమ్ములు మొలిచాయి. నాకు మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వచ్చిన పెద్ద పాట ఒక్కటే. వెన్న చిలికేటప్పుడు మా నాయనమ్మ పాడేది. కళ్ళు మూసుకుని అందుకున్నాను.

“ఆవలి ఒడ్డున పడవవాడా, పొద్దుగుంకాక కదిలి రా,
కిటికీలోన దీపం పెడతా, దాన్నే చూస్తూ నడిపి రా…”

ఆ పిల్ల ప్రేమించినవాడు నదికి అవతల ఉంటాడు. వాళ్ళ నాన్నకి ఇష్టం లేదు. పిల్ల కిటికీలో దీపం పెడుతుంది. పడవ నడి ఏట్లో ఉండగా దీపం ఆరిపోతుంది. తెల్లారాక ఒడ్డున ఒక తెడ్డు దొరుకుతుంది. అదీ కథ. ఐదు చరణాలూ పాడి కళ్ళు తెరిచాను.

ఎవ్వరూ “భేష్ తల్లీ” అనలేదు. పాట మధ్యలో “నీకు బలం!” అని పక్కవాళ్ళు అరవడం మా దగ్గర మామూలు. ఆ అరుపులు కూడా లేవని నాకు అప్పుడు తోచింది. మామగారు లేచి నిలబడి ఉన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. సగం గ్లాసు అలాగే వదిలేసి, వానలోకి వెళ్ళిపోయాడు. సగం గ్లాసు వదిలే మనిషి కాదాయన.

ఇంటికి నడిచేటప్పుడు మాలకీ నాకంటే నాలుగడుగులు ముందే ఉన్నాడు. మలుపు దగ్గర ఆగాడు.

“అది నాన్న పాట, డీలీ.”

మా వైపైనా వాళ్ళ వైపైనా ఇది అందరికీ తెలిసిన సంగతే. ఊళ్ళో ఏ పెద్ద పాటకైనా ఒక యజమాని ఉంటాడు. అది అతనికి వాళ్ళమ్మో, మేనమామో ఇచ్చి ఉంటారు. ఎవరు ఇచ్చారో పేరు చెప్పుకుని మరీ పాడతాడు. మిగతావాళ్ళకి అది ఎంత బాగా వచ్చినా, అతను గదిలో ఉండగా పాడరు. ఒకడు వేసుకున్న కోటు విప్పించి తొడుక్కోవడం లాంటిదది.

“ముందే చెప్పొచ్చు కదా!”

“నీకు ఆ పాట వచ్చని నాకేం తెలుసు? నువ్వు మొదటి వరస ఎత్తుకున్నాక ఆపడానికి లేదాయె.”

అదీ నిజమే. మొదలైన పాటని మధ్యలో ఆపడం ఇంకా పెద్ద తప్పు.

మర్నాడు ఉప్పు కోసం వెళితే నోనీ మిగతాది చెప్పింది. ఆవిడ మనసులో ఒకటి, నోట ఒకటి ఉండదు.

“పాడితే పాడావు పిల్లా, అందులో లేని చరణం కూడా ఎందుకు కలిపావు?”

“ఏం కలిపాను?”

“దీపం ఆ పిల్లే ఆర్పిందని పాడావు! అది ఎక్కడిది? దీపం ఎలా ఆరిందో పాటలో లేదు. గాలికి ఆరిందని జేమ్సీ అంటాడు. కాదు, వాళ్ళ నాన్నే ఆర్పాడని నేనంటాను. ఇరవై ఏళ్ళుగా ఇదే తగువు మాకు. నువ్వొచ్చి ఒక్క దెబ్బతో తేల్చేశావు. సెనన్ వాళ్ళమ్మ సబీనా ఇచ్చిన పాట అది. చచ్చిపోయిన మనిషి పాటకి మాసిక వేస్తే ఎవరు ఊరుకుంటారు చెప్పు?”

“అది మా నాయనమ్మ పాడిన చరణం. నేను కలిపింది కాదు.”

“అబ్బో, కెర్రీలో అన్నీ ఎక్కువే ఉంటాయిలే,” అని ఉప్పు పొట్లం చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఆదివారం మామగారు గారహీ వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ లేదు. నడుం నొప్పి అన్నాడు. నడుం నొప్పి ఉన్న మనిషి మర్నాడు వానలో తడుస్తూ మూడెకరాల గడ్డి తిరగేశాడు. ఆయన వెళ్ళకపోతే మాలకీ ఎలా వెళతాడు? కాన్సర్టీనా గూట్లోంచి బయటికి రాలేదు. పొయ్యి పక్కకి వెళ్ళినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టుండేది.

అరిచినా బాగుండేది. మా నాన్న అరిచేవాడు, అరిచి పది నిమిషాల్లో మరిచిపోయేవాడు. ఈయన ఒక్క మాట అనడు. బల్ల దగ్గర తల వంచుకుని దుంపల తొక్క తీసుకుంటాడు. ఒక్కోసారి నేను తల ఎత్తి చూస్తే ఆయన నన్నే చూస్తూ ఉంటాడు. నేను చూడగానే కిటికీ వైపు తిరుగుతాడు. కిటికీలో వాన.

జూలై మధ్యలో ఒక రోజు, మాలకీ ఇంట్లో లేనప్పుడు, కత్తి పళ్ళెంలో పెట్టి అడిగాడు.

“మీ నాయనమ్మది ఏ ఊరు, అమ్మాయ్?”

నెల రోజులకి ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. నా ఖర్మ కాకపోతే నేను మామూలుగా జవాబు చెప్పాల్సింది. నోనీ మాటలు నా చెవుల్లో ఇంకా మోగుతున్నాయి. ముక్కు మీద కోపం నాకు పుట్టింటి నుంచి వచ్చిన సొత్తు.

“మా నాయనమ్మ ఎవరి పాటా ఎత్తుకుపోలేదు,” అన్నాను.

ఆయన మొహం తెల్లగా పాలిపోయింది.

“నేనలా అన్లేదు,” అన్నాడు. లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రాతిరి మా అమ్మకి ఉత్తరం రాశాను. మరియమ్మ పండుగ కాగానే కొన్నాళ్ళు ఉండటానికి వస్తున్నానని. ‘కొన్నాళ్ళు’ అని రాసేటప్పుడు కలం కొంచెం ఆగింది. పెట్టె సర్ది మంచం కిందకి తోశాను. మాలకీ చూశాడు.

“గడ్డి ఇంటికొచ్చేదాకా ఆగు,” అన్నాడు.

“ఈ ఏడు వచ్చేలా ఉందా గడ్డి?”

“అందుకే ఆగమంటున్నాను.”

ఆ మాటకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాలకీ మీద నాకు ఏ కోపమూ లేదు. నన్ను వెనకేసుకొస్తే తండ్రికి బాధ, తండ్రిని వెనకేసుకొస్తే నాకు బాధ. పాపం, ఇద్దరి మధ్యా గోడకి కొట్టిన మేకులా నిలబడ్డాడు. నన్ను తొలిచింది కూడా కోడలిగా నా పరువు కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఒక మనిషి నోట బతికిన పాటని నేను వచ్చి నాలుగు నెలల్లో నొక్కేశాను. ఆయన ఇక పాడకపోతే ఆ ఇంట్లో నేను ఎన్నేళ్ళు ఉండి ఏం లాభం? ఆ గూడు చూస్తూ ఎలా ఉండను?

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళాను. ఆ రోజు పాల వంతు నాది. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల అప్పటికే బకెట్లో పాలధార చప్పుడు వినిపిస్తోంది. మామగారు. వెనక్కి పోదామనుకున్నాను కానీ రెండో ఆవు నన్ను చూసి అరిచింది. అది అరిస్తే ఊరంతా లేస్తుంది. చప్పుడు కాకుండా వెళ్ళి దాని పక్కన ముక్కాలిపీట వేసుకున్నాను. రెండు ఆవులకి ఆ వైపు ఆయన, ఈ వైపు నేను. ఆయనకి నేను కనిపించను.

ఆయన పాడుతున్నాడు. ఆవు డొక్కలో తల ఆనించి, గొంతులోనే, పాలధార లయకి.

“నాన్న చేతిలో తుపాకి ఉంది, అన్నలు ఒడ్డున పొంచున్నారు,
వెలుగు లేకుంటే వెనక్కి పోతాడని వేళ్ళతో వత్తిని నులిపేశాను…”

నా చేతులు ఆగిపోయాయి. అది నా చరణం. మా నాయనమ్మ చరణం.

“ఆర్పింది… ఆర్పింది నేనే…” ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే తడబడ్డాడు. “ఆర్పిన… ఆర్పిన వేళ…” కాదని తల ఊపుకున్నట్టుంది, ఆవు కదిలింది. మూడోసారి మొదలుపెట్టాడు. ఒక్కసారి విన్నాడు ఆ మనిషి, ఎనిమిది వారాల కింద. అప్పట్నుంచి రోజూ దాన్ని వెతుక్కుంటున్నాడన్నమాట. నేను ఏమనుకుంటున్నానో, ఆయన ఏం చేస్తున్నాడో! సిగ్గేసింది.

మూడోసారీ అక్కడికి వచ్చి ఆగాడు. ఆవు మీదుగా నేను అందించాను. పాడలేదు, ఊరికే చెప్పాను.

“ఆర్పిన చెయ్యి నాదేనమ్మా, గాలిని ఎవరూ తిట్టొద్దు.”

పాలధార ఆగింది. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. ఆయన బకెట్ జరుపుకున్నాడు. మళ్ళీ ధార మొదలైంది.

“తర్వాత?” అన్నాడు.

“ఆవలి ఒడ్డున వాళ్ళమ్మ ఉంది, ఆ మాట మాత్రం చెప్పొద్దు.”

“మళ్ళీ చెప్పు, అమ్మాయ్. మొదటి నుంచి.”

చెప్పాను. ఆయన నా వెనకే అన్నాడు. రెండు ఆవులూ పాలు ఇచ్చేసి, ఇంక ఏమీ లేవని కాళ్ళు మార్చుకునేదాకా చెప్పుకున్నాం. తర్వాత ఆయన పీట మీంచి లేవకుండా, నాకు కనిపించకుండానే మాట్లాడాడు.

“మా అమ్మ పన్నెండేళ్ళ పిల్లప్పుడు మీ ఒడ్డున రెండేళ్ళు ఒకరింట్లో పనికి ఉంది. అక్కడ నేర్చుకుంది ఈ పాట. పెద్దయ్యాక మధ్యలో ఒక చరణం జారిపోయింది. ‘ఒకటి ఉండేది సెనన్, నా దగ్గరే పోయింది’ అనేది. మంచం పట్టాక కూడా అదే. ప్రాణం పోయేముందు ఫాదరుగారు నూనె రాస్తుంటే ఈవిడ పెదాలు ఆడించి వెతుక్కుంటోంది. దొరక్కుండానే పోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కన్నం అలాగే పెట్టుకుని పాడాను నేను.”

“మరి ఆ రోజు లేచి వెళ్ళిపోయారే?”

“గారహీ వాళ్ళ వంటింట్లో, జేమ్సీ వాన్ చూస్తుండగా, నన్ను ఏడవమంటావా?”

నాకు కోపం వచ్చింది, మంచి కోపం.

“ఎనిమిది వారాలు! నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా! మీరు నన్ను అసహ్యించుకుంటున్నారని పెట్టె సర్దుకుని కూర్చున్నాను.”

“అడుగుతారా ఎక్కడైనా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఒకళ్ళ పాట అడిగి పుచ్చుకుంటారా? వాళ్ళు ఇవ్వాలి గానీ. మీ నాయనమ్మ ఊరు అడిగాను. మా అమ్మ పని చేసిన ఊరేనేమో, మాట కలిస్తే నువ్వే ఇస్తావేమోనని. నువ్వు కరిచావు.”

నాలుక కరుచుకున్నాను. ఆయన మర్యాద ఆయనది, నా పొగరు నాది. రెండూ కలిసి వేసవంతా తినేశాయి.

లేచి, ఆవు చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన మొహం తుడుచుకుంటున్నాడు, పాలు చిందాయన్నట్టు.

“ఇస్తున్నాను. తీసుకోండి,” అన్నాను.

“తీసుకున్నాను,” అన్నాడు.

అంతే. రెండు బకెట్లూ ఆయనే మోసుకొచ్చాడు. మాలకీ టీ పోస్తూ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు, ఏమీ అడగలేదు. తండ్రి పోలికే. ఆ సాయంత్రం పెట్టె మంచం కిందనుంచి తీసి, బట్టలు మళ్ళీ చిలక్కొయ్యలకి తగిలించాను. అమ్మకి ఇంకో ఉత్తరం రాశాను.

మరియమ్మ పండుగ దాటాక నాలుగు రోజులు ఎండ కాసింది. నాలుగంటే నాలుగే. ఊరు ఊరంతా పొలాల్లోనే ఉంది. జేమ్సీ ఫిడేలు పట్టుకునే చేతులతో పంగలకర్ర పట్టి మా గడ్డి తిరగేశాడు. నోనీ కొట్టు మూసేసి సోడా రొట్టె, సీసాలో టీ పట్టుకుని గట్టు మీదకి వచ్చింది. సగం గడ్డి పాడైంది, సగం దక్కింది. కుప్ప మీద నేను తొక్కుతుంటే కింద నుంచి మామగారు అందించాడు. “కెర్రీ వాళ్ళకి తొక్కడం బాగా తెలుసు,” అన్నాడు. ఆయన నాతో ఆడిన మొదటి పరాచికం అది. నేను ఒక చేరెడు గడ్డి ఆయన టోపీ మీద వేశాను. మాలకీ గట్టు మీద కూర్చుని విరగబడి నవ్వాడు. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు.

ఆ వచ్చిన ఆదివారం గూట్లోంచి కాన్సర్టీనా దిగింది. ముగ్గురం గారహీ వాళ్ళింటికి వెళ్ళాం. వంటిల్లు కిటకిటలాడుతోంది. గడ్డి దక్కిన సంతోషంలో జేమ్సీ ఫిడేలు తీగె ఒకటి తెంపాడు. మామగారు పొయ్యి దగ్గర తన కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదు. కానీ అందరూ ఆయన్నే చూస్తున్నారు. నోనీ పాడి, ఇటూ అటూ చూసి, కొంచెం భయంగానే పిలిచింది.

“సెనన్, నీకు మనసుంటేనే…”

ఆయన గొంతు సవరించుకున్నాడు. నా వైపు చెయ్యి చాపాడు. పెద్ద పాట పాడేవాళ్ళ చెయ్యి పక్కవాళ్ళు పట్టుకుని, పాటతోబాటు మెల్లగా తిప్పుతూ ఉంటారు మా దగ్గర. పాడేవాడికి అది ఊతం. ఎప్పుడూ ఆ చెయ్యి జేమ్సీ పట్టుకునేవాడట. నేను పీట జరుపుకుని వెళ్ళి పట్టుకున్నాను. గడ్డి కోసుకుపోయిన గీతలతో గరుకుగా, వేడిగా ఉంది.

“ఇది మా అమ్మ సబీనా నాకిచ్చిన పాట,” అన్నాడు అందరికీ.

నా పేరు చెప్పలేదు. చెప్పాలని ఏముంది అని సర్ది చెప్పుకున్నాను గానీ, చిన్న ముల్లు గుచ్చుకున్న మాట నిజం. ఆయన కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. అప్పుడు విన్నాను మొదటిసారి, ఆయన పాట. నేను కథ పాడతాను. ఆయన ఆ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నట్టు పాడాడు. నా చేతిలో ఆయన చెయ్యి మెల్లగా తిరుగుతోంది. మొదటి చరణం. రెండో చరణం. దీపం వెలిగింది, పడవ కదిలింది. మూడో చరణం చివర దీపం ఆరిపోయింది.

అక్కడ ఆపేశాడు.

చెయ్యి కూడా తిరగడం ఆగింది. మరిచిపోయాడనుకున్నారు అందరూ. “నీకు బలం సెనన్, కానివ్వు,” అన్నాడు జేమ్సీ, కీడు శంకించిన గొంతుతో. తడబడినవాడికి మాట అందివ్వడం మర్యాదే గనక నోనీ తర్వాతి మాట అందించబోయింది. మామగారు రెండో చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపాడు.

“మరిచిపోలేదు,” అన్నాడు. “ఇక్కడ ఒక చరణం ఉంది. మా అమ్మ పోగొట్టుకున్నది. నాకు ఇప్పుడు వచ్చు. కానీ దాని యజమానురాలు ఈ గదిలో ఉంది. ఆవిడ ఉండగా నేను పాడను.”

నా చెయ్యి నొక్కాడు.

ఎలా పాడానో నాకు తెలియదు. మొదటి మాట సగం గాలే వచ్చింది. అప్పుడు నా చేతిని ఆయన తిప్పడం మొదలుపెట్టాడు. ఆ తిప్పుడు పట్టుకుని వెళ్ళిపోయాను. “ఆర్పిన చెయ్యి నాదేనమ్మా” దగ్గర ఎవరో “దేవుడా” అన్నారు. “గాలిని ఎవరూ తిట్టొద్దు” అనగానే “అమ్మయ్యో, ఇరవై ఏళ్ళు తిట్టాను కదే!” అన్నాడు జేమ్సీ. అందరూ కన్నీళ్ళతోనే నవ్వారు. నా చరణం అవగానే ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా మామగారు మిగతాది అందుకున్నాడు. తెల్లారింది, తెడ్డు ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

ఆ ఆదివారం తర్వాత ఆయన ఇంకో పధ్నాలుగేళ్ళు బతికాడు. ఆ పాట పాడినప్పుడల్లా అక్కడ ఆగేవాడు, నేను అందుకునేదాన్ని. ఇంట్లో, పొయ్యి దగ్గర, మేం ఇద్దరమే ఉన్నప్పుడు కూడా ఆ చరణం ఆయన పాడలేదు. ‘మీదే కదా, మీరూ పాడండి’ అని ఎన్నిసార్లో అన్నాను. “నువ్వు ఉన్నావుగా,” అనేవాడు. ఇచ్చింది తీసుకుని కూడా వాడుకోలేదే అని నాకు లోపల ఒక వెలితి ఉండేది. పశువుల కొట్టంలో అంత కష్టపడి నేర్చుకున్నాడు కదా.

ఆయన పోయినప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. సంతలకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళినచోటల్లా ఆయన పాడేవాడట. కొందరు ముప్ఫై నలభై మైళ్ళ దూరం నుంచి వచ్చారు, నేను ఎన్నడూ చూడనివాళ్ళు. వాకిట్లో వరసగా నిలబడి మాలకీతో చెయ్యి కలిపి, నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వదిలేవాళ్ళు కాదు. ఒక ముసలాయన టోపీ తీసి నా మొహంలోకి చూశాడు.

“డీలియా హెహిర్ అంటే మీరేనా తల్లీ?”

“నేనే. మీకు నా పేరెలా తెలుసు?”

“తెలియకపోవడమేమిటి? ఆ పాట మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చెప్పేవాడు కదా. ‘పాట మా అమ్మ సబీనా ఇచ్చింది. నాలుగో చరణం మా కోడలు డీలియా హెహిర్ ఇచ్చింది, ఆవలి ఒడ్డు నుంచి తెచ్చి.’ అని చెప్పి, మొత్తం పాడేవాడు.”